బదిలీ కాగితం ఎవరి చేతిలో ఉందో చూడండి

పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ పాఠాలు చెప్పి బతికినవాణ్ణి. చదివింది ఉస్మానియాలో, ఉద్యోగం నగరంలోని ఒక డిగ్రీ కాలేజీలో, కాపురం తార్నాకలో. రిటైరయ్యాక కూడా పొద్దుటి నడక ఆర్ట్స్ కాలేజీ దాకానే. దారిలో చెట్ల కింద గ్రూప్స్‌కీ, ఎస్సై ఉద్యోగాలకీ చదువుకునే పిల్లలు కనబడతారు. పాలిటీలో అనుమానం వస్తే నన్ను ఆపి అడుగుతారు. ఒకమ్మాయి అడిగింది: "సార్, డీజీపీ ఎవరికి జవాబు చెప్పాలి?" గైడులో దీనికి ఒక్క వాక్యం ఉంటుంది: రాష్ట్ర ప్రభుత్వానికి. అది తప్పేం కాదు. కానీ ఈ ఊళ్లో ఇన్నేళ్లు బతికినవాడికి ఆ వాక్యం చాలదు. నాకు అర్థమైనంత అంకెలు వేసి రాస్తున్నాను. పరీక్షలో ఇలాగే రాస్తే మార్కులు పడతాయని మాత్రం నమ్మకండి.

1. ముందు చట్టం వయసు అడగండి

1857 తిరుగుబాటు జరిగిన నాలుగేళ్లకి 1861 పోలీసు చట్టం వచ్చింది. దాని మూడో సెక్షను పోలీసుల మీద అజమాయిషీని ప్రభుత్వానికి అప్పగించింది. అప్పటి ప్రభుత్వానికి ఎవరినీ ఓటు అడిగే అవసరం లేదు. కాబట్టి ఎన్నికైన సభకు లెక్క చెప్పాలన్న ఊసు అందులో ఉండే వీలే లేదు. స్వతంత్రం వచ్చాక పోలీసు శాఖ రాష్ట్రాల జాబితాలో చేరింది, కుర్చీలో మనం ఎన్నుకున్నవాళ్లు కూర్చున్నారు, అజమాయిషీ పద్ధతి మాత్రం పాతదే మిగిలింది.

హైదరాబాదు సంగతి ఇంకా చిత్రం. నగర పోలీసు చట్టం 1348 ఫస్లీ నాటిది, అంటే 1938–39 ప్రాంతం. ఆర్ట్స్ కాలేజీకి రాళ్లు పేరుస్తున్న రోజులవి. వందేమాతరం పాడారని ఉస్మానియా విద్యార్థుల్ని హాస్టళ్ల నుంచి వెళ్లగొట్టిన రోజులూ అవే. పి.వి. నరసింహారావు నాగపూర్ వెళ్లి చదవాల్సి వచ్చింది ఆ గొడవలోనే. కొత్వాలు, అంటే నగర పోలీసు అధిపతి, నేరుగా నిజాముకు జవాబు చెప్పేవాడు, మధ్యలో ఇంకెవరూ లేరు. 1920 నుంచి 1934 దాకా కొత్వాలుగా ఉన్న రాజాబహదూర్ వెంకటరామారెడ్డి మంచి పేరు తెచ్చుకున్నారు, రెడ్డి హాస్టల్ నిలబెట్టారు. అలాంటి కొత్వాలు దొరకడం ఊరి అదృష్టం. దొరకనప్పుడు ఏం చేయాలో ఆ చట్టంలో లేదు.

ఆ ఫస్లీ చట్టం ఇంకా అమల్లోనే ఉంది. సభలు, ఊరేగింపులు నిషేధిస్తూ కమిషనర్ ఇచ్చే ఉత్తర్వుల్లో దాని పేరు కనబడుతుంది. జిల్లాల్లో 1861 చట్టం నాలుగో సెక్షను ప్రకారం ఎస్పీ పైన జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు ఉంటాడు. కాగితం మీదైనా సరే, ఖాకీ వేసుకోని ఒక అధికారి ఉన్నాడన్నమాట. కమిషనరేట్ వచ్చిన చోట ఆ మేజిస్ట్రేటు అధికారాలు కమిషనరుకే వస్తాయి. ఊరేగింపుకు అనుమతి ఇచ్చేదీ, కాదనేదీ, కాదన్నాక కూడా బయల్దేరితే వ్యాను ఎక్కించేదీ ఒకే ఆఫీసు. 2016లో కొత్త జిల్లాలతో పాటు కరీంనగర్, నిజామాబాద్, ఖమ్మం, రామగుండం, సిద్దిపేటలకు కమిషనరేట్లు వచ్చాయి. తమ ఊరు పెద్దదైందని జనం మురిసిపోయారు. కలెక్టరు చేతిలోంచి ఏం పోయిందని అడిగినవాళ్లు నాకు కనబడలేదు.

2. కమిషన్ వేశారనగానే ఇంటికెళ్లిపోకండి

1952 సెప్టెంబరులో, ఉద్యోగాలు స్థానికులకే అన్న ముల్కీ ఉద్యమంలో సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వం హైకోర్టు న్యాయమూర్తి పింగళి జగన్మోహన్‌రెడ్డితో విచారణ జరిపించింది. ఆయనే 1969 అహ్మదాబాద్ అల్లర్ల మీద కూడా విచారణ చేశారు. తర్వాత 1975–77లో మా ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్‌గా వచ్చారు. పోలీసు కాల్పుల మీద విచారణ చేసిన మనిషి విద్యార్థుల మధ్యకు వీసీగా రావడం, అదీ ఎమర్జెన్సీలో! మా తరం దాన్ని వింతగా చెప్పుకునేది.

1978లో క్యాంపస్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న నల్లకుంట స్టేషన్‌లో ఒక యువతి మీద అత్యాచారం జరిగింది. రిక్షా తొక్కి బతికే ఆమె భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది. కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. అప్పుడే గద్దెనెక్కిన చెన్నారెడ్డి ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేసింది. పోలీసులదే తప్పని కమిషన్ తేల్చింది. కేసు మాత్రం కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది, 1981లో అక్కడి కోర్టు నిందితుల్ని వదిలేసింది. ఇదెలా సాధ్యమని అడిగితే పిల్లలకు చెప్పగలిగింది ఒకటే: కమిషన్ చెప్పేది అభిప్రాయం, దానికి తీర్పు విలువ లేదు.

కమిషన్ పూర్తికాకుండా పోవడమూ చూశాం. ఎమర్జెన్సీలో, 1975 జూలైలో గిరాయిపల్లి అడవిలో వరంగల్ విద్యార్థులు ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. దాని మీద, అలాంటి మరికొన్నిటి మీద 1977లో జస్టిస్ భార్గవ కమిషన్ కూర్చుంది. సాక్ష్యాలు బహిరంగంగా బయటపడుతుండగా, విచారణ తలుపులు మూసి జరపాలని ప్రభుత్వం పట్టుబట్టింది. న్యాయవాది కన్నబిరాన్ ప్రభృతులు దానికి ఒప్పుకోకుండా బయటికొచ్చారు. కమిషన్ అక్కడే ఆగిపోయింది.

2019 డిసెంబరు 6న చటాన్‌పల్లిలో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురిని పోలీసులు కాల్చేశారు. ఆ రోజు జనం పోలీసుల మీద పూలు చల్లారు. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు దండాలతో నిండిపోయింది. విచారణకు సిర్పూర్కర్ కమిషన్‌ను వేసింది సుప్రీంకోర్టు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిగాయనీ, పదిమంది పోలీసుల్ని హత్యానేరం కింద విచారించాలనీ 2022లో ఆ నివేదిక చెప్పింది. పూలు చల్లినవాళ్లలో దాన్ని చదివినవాళ్లెందరో నాకు అనుమానమే.

ఇక్కడ చాలామంది మరచిపోయే సంగతి ఒకటుంది. 1952 కమిషన్స్ ఆఫ్ ఎంక్వైరీ చట్టం ప్రకారం ప్రభుత్వం వేసిన కమిషన్ నివేదిక ఇచ్చాక, ఆరు నెలల్లోగా దాన్ని శాసనసభ ముందు పెట్టాలి. ఒట్టి నివేదిక చాలదు, దానిమీద ప్రభుత్వం ఏం చేసిందో వివరం కూడా జతచేయాలి. మీ ఎమ్మెల్యేకి ఈ సెక్షను తెలుసేమో ఒకసారి అడిగి చూడండి.

3. హోంమంత్రి పేరు వేరు, పని వేరు

2017 ఫిబ్రవరి 22. నిరుద్యోగుల ర్యాలీ జరగాల్సిన రోజు. తెల్లవారకముందే పోలీసులు తార్నాకలో ప్రొఫెసర్ కోదండరామ్ ఇంటికి వచ్చి, తలుపు బద్దలుకొట్టి ఆయన్ని తీసుకుపోయారు. ఆయన ఉస్మానియాలో రాజనీతి శాస్త్రం చెప్పినవారు. తెలంగాణ ఉద్యమంలో జేఏసీని నడిపినవారు. మా కాలనీల్లో ఆయన్ని ఎరగనివాళ్లు లేరు. కబురు పాల ప్యాకెట్ల వేళకే అందరికీ చేరింది. సొంత రాష్ట్రం వచ్చి మూడేళ్లు నిండకముందే సొంత రాష్ట్రపు పోలీసులు ఆ తలుపు పగలగొట్టారన్నదే అందరి నోటా మాట.

అప్పుడు హోంమంత్రి నాయిని నర్సింహారెడ్డి. సోషలిస్టు, కార్మిక నాయకుడు, ఎమర్జెన్సీలో జైలుకెళ్లినవారు. అరెస్టు మీద సభలో జవాబు చెప్పాల్సింది ఆయనే. కానీ ఆ రాత్రి ఆ తలుపు సంగతి నిర్ణయించింది ఆయనేనంటే తార్నాకలో ఒక్కరు కూడా నమ్మలేదు. మన దగ్గర హోంమంత్రి ఎవరైనా ఇంటెలిజెన్స్ అధిపతి రోజూ కలిసేది ముఖ్యమంత్రినే. ఇది ఒక్క పార్టీ అలవాటు కాదు. 2023 డిసెంబరు తర్వాత హోంశాఖ ముఖ్యమంత్రి దగ్గరే ఉంది. దీన్ని కొందరు తప్పుపడతారు. నేను పట్టను. అసలు అధికారం ఉన్నచోటే పేరు కూడా ఉంటే, ఎవరిని అడగాలో కనీసం తెలుస్తుంది.

కోదండరామ్ 2024 ఆగస్టులో గవర్నర్ కోటాలో శాసనమండలి సభ్యుడిగా ప్రమాణం చేశారు. ఆ తర్వాత ఆ నియామకం సుప్రీంకోర్టులో వివాదంలో పడింది. ఆ తలుపు పగలగొట్టించిన ఉత్తర్వు ఎవరిదన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

4. డీజీపీని ఒక్కపూటలో తీసేయగలిగింది ఎవరో గుర్తుపెట్టుకోండి

ప్రకాశ్ సింగ్ అనే రిటైర్డ్ డీజీపీ 1996లో వేసిన కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పోటీ పరీక్షల పిల్లలందరికీ అది కంఠస్థం. యూపీఎస్సీ ఇచ్చిన ముగ్గురి జాబితాలోంచి డీజీపీని ఎంచుకోవాలి, కనీసం రెండేళ్లు కదపకూడదు, దర్యాప్తును శాంతిభద్రతల నుంచి విడదీయాలి, ఫిర్యాదులకు ప్రత్యేక అథారిటీలు ఉండాలి, బదిలీలకు అధికారుల బోర్డు ఉండాలి. వీటన్నిటికంటే నాకు ముఖ్యంగా తోచేది రాష్ట్ర భద్రతా కమిషన్. అందులో ప్రతిపక్ష నాయకుడికి కూడా చోటుండే నమూనాలను కోర్టు ముందుంచింది. పోలీసుల పనితీరు మీద ఆ కమిషన్ ఇచ్చే నివేదికను శాసనసభ ముందు పెట్టమంది. సభకూ పోలీసు బాసుకూ మధ్య చట్టబద్ధమైన తోవ అదొక్కటే. పరీక్షలో అడిగేది మాత్రం ఎప్పుడూ "రెండేళ్లు" గురించే.

తీర్పును దాటవేయడానికి రాష్ట్రాలు కనిపెట్టిన ఉపాయం "ఇన్‌చార్జి". తాత్కాలిక డీజీపీలు వద్దని 2018లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అయినా తెలంగాణలో 2023లో దాదాపు ఏడాదంతా అంజనీకుమార్ పూర్తి అదనపు బాధ్యతలతో డీజీపీ పని చూశారు. ఇన్‌చార్జికి రెండేళ్ల హామీ ఉండదు. రేపు కాగితం వస్తుందో రాదో తెలియని మనిషి ఈ రోజు ఎవరి మాట కాదనగలడు?

ఆ ఏడాది డిసెంబరు 3న ఓట్ల లెక్కింపు సాగుతుండగానే ఆయన కాంగ్రెస్ నాయకుడు రేవంత్‌రెడ్డి ఇంటికి వెళ్లి కలిశారు. ఎన్నికల కమిషన్ అదే రోజు సస్పెండ్ చేసింది, కొద్దిరోజులకు ఎత్తేసింది. 2024 మే నెలలో, పోలింగుకు వారం ముందు, ఆంధ్రప్రదేశ్ డీజీపీ రాజేంద్రనాథ్ రెడ్డిని కూడా కమిషనే మార్చింది. 2019 మార్చిలో అక్కడే ఇంటెలిజెన్స్ అధిపతి ఎ.బి. వెంకటేశ్వరరావును పక్కనపెట్టమంటే చంద్రబాబు ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఇంటెలిజెన్స్ ఎన్నికల కమిషన్ పరిధిలోకి రాదంది. హైకోర్టు ఆ వాదన వినలేదు. అదే అధికారిని తర్వాతి ప్రభుత్వం 2020 ఫిబ్రవరిలో సస్పెండ్ చేసింది. కోర్టుల చుట్టూ ఏళ్లపాటు తిరిగి, 2024 మే 31న, సరిగ్గా రిటైరయ్యే రోజున పోస్టింగ్ అందుకున్నారు. ఆయన మంచివారా కాదా అన్నది నా ప్రశ్న కాదు. ఒక ప్రభుత్వం తీసేయనంటుంది, ఇంకో ప్రభుత్వం ఉంచనంటుంది, రెండుసార్లూ శాసనసభకు అందులో ప్రమేయమే లేదు.

ఎన్నికల నియమావళి ఉన్న కొద్ది వారాలు పోలీసు బాసుకు ముఖ్యమంత్రి కాక ఇంకో యజమాని ఉంటాడు. ఆ వారాల్లో స్టేషన్లు ఎంత పద్ధతిగా నడుస్తాయో మీరే చూసి ఉంటారు.

5. రిటైరయ్యాక ఎక్కడికి వెళ్లారో చూడండి

తెలంగాణ తొలి డీజీపీ అనురాగ్ శర్మ రిటైరవగానే ప్రభుత్వ సలహాదారు అయ్యారు. తర్వాతి డీజీపీ మహేందర్‌రెడ్డిని 2024 జనవరిలో పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఛైర్మన్‌గా వేశారు, అదీ వేరే పార్టీ ప్రభుత్వం. వ్యక్తుల మీద నాకే ఫిర్యాదూ లేదు. కానీ చివరి రెండేళ్లు పనిచేసే అధికారి కళ్లు ఎటు తిరుగుతాయో ఊహించలేనంత అమాయకులం కాదు. కొంతకాలం విరామం ఉండాలని సభ చట్టం చేయొచ్చు.

6. చెవులు ఎవరివో తెలియకపోతే మిగతావన్నీ వృథా

2024 మార్చి నుంచి నడుస్తున్న ఫోన్ ట్యాపింగ్ కేసు మీకు తెలిసిందే. స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోలో పనిచేసిన అధికారుల మీద ఆరోపణలు: మావోయిస్టుల కోసం పెట్టిన యంత్రాంగాన్ని రాజకీయ నాయకులు, విలేకరులు, ఇంకా ఎందరి మీదో వాడారనీ, ప్రభుత్వం మారగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారనీ. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. నేను పట్టించుకునేది అంతకుముందు మెట్టు. ఫోన్ వినడానికి అనుమతి ఇచ్చేది హోం కార్యదర్శి. ఆ అనుమతి సరైనదా కాదా అని చూసే కమిటీకి అధ్యక్షుడు ప్రధాన కార్యదర్శి. సభ్యులు కూడా కార్యదర్శులే. జడ్జీ లేడు, ఎమ్మెల్యే లేడు, ప్రతిపక్షం అసలే లేదు. దొంగకు తాళం చెవి ఇచ్చి కాపలా కూడా అతన్నే ఉండమన్నట్టు ఉంది ఏర్పాటు. ఈ కేసు వల్ల ఎవరు జైలుకెళ్లినా ఏర్పాటు మారకపోతే, మళ్లీ ప్రభుత్వం మారినప్పుడు ఇంకో కేసు వస్తుంది, ముద్దాయిల పేర్లు మాత్రమే వేరు.

7. ఎమ్మెల్యే లెటర్‌హెడ్ వేరు, శాసనసభ వేరు

ఇంతవరకూ విన్నాక చెట్టు కింద కుర్రాడొకడు అడ్డుతగిలాడు. "ఇప్పటికే లెటర్ లేనిదే మా మండలంలో ఎస్సై పోస్టింగ్ రాదు సార్. ఇంకా ఎమ్మెల్యేలకు అధికారమిస్తే స్టేషన్లన్నీ పార్టీ ఆఫీసులైపోవా?" గట్టి ప్రశ్న. నాకు నచ్చింది.

జవాబు ఇదీ. లెటర్‌హెడ్ మీద ఎమ్మెల్యే చేసేది చాటుగా చేసే పని. ఫలానా సీఐ కావాలి, ఫలానా కేసు వదిలేయాలి. దానికి రికార్డు ఉండదు, ప్రశ్న ఉండదు, ఎవరూ బాధ్యులు కారు. సభలో అడిగేది అచ్చవుతుంది. మంత్రి లేచి జవాబు చెప్పాలి, తప్పు చెబితే సభాహక్కుల గొడవవుతుంది. ఒక స్టేషన్‌ను ఎవరికి ఇవ్వాలో చెప్పే అధికారం ఎమ్మెల్యేకి ఉండకూడదు. మొత్తం శాఖ ఎలా నడుస్తోందో అడిగే అధికారం సభకు ఉండాలి. మన దగ్గర సరిగ్గా తలకిందులుగా నడుస్తోంది.

పార్లమెంటులో హోంశాఖను చూసే స్థాయీ సంఘం 1993 నుంచి ఉంది. అన్ని పార్టీల నుంచి 31 మంది సభ్యులు, ఉభయ సభలవాళ్లూ ఉంటారు. బడ్జెట్ పద్దులు ఆ సంఘం పరిశీలించాకే సభలో చర్చకు వస్తాయి. కేరళ శాసనసభ అంతకంటే ముందే, 1980లోనే సబ్జెక్ట్ కమిటీలు పెట్టుకుంది. మన దగ్గర పోలీసు పద్దు ఇంకో నాలుగు శాఖలతో కలిసి ఒక్కపూటలో గడిచిపోతుంది, మధ్యలో వాకౌటు. కాగ్ నివేదికలు చూసే ప్రజాపద్దుల సంఘం ఒకటుంది. దాని అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. 2024 సెప్టెంబరులో ఆ పదవి బీఆర్ఎస్ టికెట్టు మీద గెలిచి కాంగ్రెస్ వైపు వెళ్లిన అరెకపూడి గాంధీకి ఇస్తే ఎంత రభసైందో చూశాం. గొడవంతా ఆయన ఏ పార్టీ అన్న దానిమీదే. సంఘం ఏం పరిశీలించాలన్న దానిమీద ఒక్క మాట నా చెవిన పడలేదు.

దక్షిణాఫ్రికాలో 2025 జూలైలో క్వాజులు-నటాల్ పోలీసు కమిషనర్ మఖ్వానాజి యూనిఫాంలోనే విలేకరుల ముందుకొచ్చి, నేరముఠాలతో సంబంధాలున్నాయంటూ పోలీసు మంత్రి మీదే ఆరోపణ చేశాడు. మంత్రిని సెలవు మీద పంపారు. అధ్యక్షుడు న్యాయవిచారణ వేసినా పార్లమెంటు ఊరుకోలేదు, తనే ఒక ప్రత్యేక కమిటీ వేసుకుంది. దేశపు పోలీసు అధిపతినీ, ఆ మంత్రినీ, మాజీ మంత్రినీ వరసగా కూర్చోబెట్టి, టీవీలో అందరూ చూస్తుండగా గంటల తరబడి ప్రశ్నలు వేసింది. అక్కడి పోలీసులు మనవాళ్లకంటే గొప్పవాళ్లని చెప్పడం లేదు, ఆరోపణలే చాలా ఘోరం. కానీ అడిగే గది ఒకటి ఉంది, తలుపు తెరిచి ఉంది.

8. కోర్టు మీద భారమంతా వేయకండి

2010 ఫిబ్రవరిలో తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్నప్పుడు ఉస్మానియా క్యాంపస్ నిండా బలగాలు దిగాయి. తార్నాక వైపు ఇళ్లలో కూర్చున్నా బాష్పవాయువు కళ్లు మండించింది. గ్రేహౌండ్స్‌నూ, కేంద్ర బలగాలనూ క్యాంపస్ నుంచి తీసేయమని హైకోర్టు చెప్పింది, రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకెళ్లింది. అడవుల్లో మావోయిస్టుల కోసం తయారుచేసిన దళాన్ని హాస్టళ్ల మధ్యకు పంపాలా వద్దా అన్నది నిజానికి శాసనసభ తేల్చాల్సిన విధాన ప్రశ్న. సభ తేల్చలేదు, అందుకే కోర్టు తలకెత్తుకుంది. ప్రకాశ్ సింగ్ తీర్పూ అలా వచ్చిందే. ధర్మవీర అధ్యక్షతన జాతీయ పోలీసు కమిషన్ 1979–81 మధ్య ఎనిమిది నివేదికలిస్తే ఏ సభా వాటిని చట్టం చేయలేదు. పదిహేనేళ్లు చూసి ఒక రిటైర్డ్ అధికారి కోర్టు మెట్లెక్కాడు.

అధికారంలో లేనప్పుడు అన్ని పార్టీలూ ఇవే మాటలు మాట్లాడతాయి. గద్దెనెక్కిన మర్నాడు మొదటి సంతకాల్లో ఒకటి ఇంటెలిజెన్స్ అధిపతి బదిలీ మీద ఉంటుంది. అందుకే ఈ పని పార్టీలకు వదిలేస్తే జరగదు. తార్నాక సికింద్రాబాద్ నియోజకవర్గంలోకి వస్తుంది. మీది ఏదైనా సరే, బడ్జెట్ సమావేశాలకు ముందు మీ ఎమ్మెల్యేకి ఒక కాగితం ఇవ్వండి. మూడు ప్రశ్నలు చాలు, లిఖితపూర్వక ప్రశ్నలుగా సభలో వేయమనండి: రాష్ట్ర భద్రతా కమిషన్ గత ఏడాది ఎన్నిసార్లు కూర్చుంది, దాని నివేదిక సభ ముందుకు ఎప్పుడు వస్తుంది? పోలీసు ఫిర్యాదుల అథారిటీకి ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఎన్నిటిలో చర్య తీసుకున్నారు? రెండేళ్లు నిండకుండా ఎందరు ఎస్పీల్ని, ఎందరు స్టేషన్ హౌస్ ఆఫీసర్లను బదిలీ చేశారు, ఏ కారణంతో? ఇచ్చిన తేదీ వేసి నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.